పక్క స్థలంలో 14 అంతస్తులు కడుతున్నారు... స్టే వస్తుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలో పాతికేళ్ల నాటి లేఅవుట్ కాలనీ. అన్నీ ఒకటి రెండు అంతస్తుల ఇళ్లే. మా తూర్పు హద్దును ఆనుకుని ఉన్న రెండెకరాల స్థలంలో రెండు సెల్లార్లు, 14 అంతస్తులతో అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. నెల రోజులుగా తవ్వుతున్నారు. రాత్రి ఒంటిగంట దాకా రాయి కొట్టే మిషన్లు ఆగడం లేదు. హద్దు పక్కన 14 ఏళ్ల క్రితం కట్టిన ఇంట్లో గోడలు బీటలిచ్చాయి. మా రోడ్డు చివరి గోడ తీసేసి లారీలు మా కాలనీలోంచే నడుపుతామంటున్నారు. రేపు మాకు ఎండా గాలీ ఉండవు, వాళ్ల బాల్కనీల్లోంచి మా పెరళ్లన్నీ కనిపిస్తాయి. అడిగితే ‘అన్ని పర్మిషన్లూ ఉన్నాయి, కోర్టుకు పోండి’ అంటున్నారు. స్టే తెచ్చుకోవచ్చా?
– ఒక కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి

జవాబు: కార్యదర్శి గారూ, మొత్తం కట్టడాన్ని ఆపేస్తూ స్టే రావడం కష్టం. తన స్థలంలో నిబంధనల ప్రకారం ఎత్తుగా కట్టుకునే హక్కు యజమానికి ఉంది. పక్కవాళ్లకు నచ్చలేదన్న కారణంతో కోర్టు ఆపదు. కానీ మీ ఉత్తరంలో ఒక్క రోజు కూడా ఆగకూడని విషయం ఉంది. అది ఆ బీటల సంగతి. ముందు దాని పని చూడండి.

హద్దు వెంబడి ఉన్న ప్రతి ఇంటినీ ఈ వారంలోనే ఫొటోలు, వీడియోలు తీయించండి. గోడలు, స్లాబు, ఫ్లోరింగ్, ప్రహరీ, సంపు ఏదీ వదలొద్దు. బీట ఉన్నచోట దాని మీద అడ్డంగా సన్నని గాజు పలక అతికించి తేదీ రాయండి. పలక పగిలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. బీటలు లేని ఇళ్లను కూడా ఇప్పుడే తీయించాలి. రేపు బీట వస్తే ‘అది ముందు నుంచీ ఉంది’ అనే వాదనకు అదే జవాబు. ఆ తర్వాత ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించి, తవ్వకం లోతు, హద్దు నుంచి దూరం, మట్టి జారకుండా రిటైనింగ్ వాల్ గానీ పైలింగ్ గానీ వేశారా లేదా అన్నది రాతపూర్వక రిపోర్టుగా తీసుకోండి. డబ్బు ఖర్చవుతుంది, నిజమే. కానీ ఈ రిపోర్టు లేకుండా వేసే దావా బలహీనంగా ఉంటుంది.

ఎందుకంటే మనకున్న చట్టం 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం. పక్క నేల తన నేలకు ఇచ్చే సహజమైన ఆనుడును, అంటే జారిపోకుండా పట్టి ఉంచే ఆసరాను, పొందే హక్కు ప్రతి భూ యజమానికీ ఉందని సెక్షన్ 7 చెబుతుంది. అయితే అది ఏ బరువూ మోపని నేల విషయంలో. నేల మీద ఇల్లు కట్టాక, ఆ ఇంటి బరువుకు కూడా పక్క నేల ఆనుడు కావాలంటే సెక్షన్ 15 ప్రకారం 20 ఏళ్లు నిరాటంకంగా అనుభవించి ఉండాలి. మీ కాలనీలో పాత ఇళ్లకు ఆ హక్కు వచ్చే ఉంటుంది. బీటలిచ్చిన ఇంటికి 14 ఏళ్లే కాబట్టి రాలేదు. అంతమాత్రాన ఆ యజమాని చేతులు ముడుచుకోనక్కర్లేదు. నేలకున్న సహజ హక్కు ఆయనకూ ఉంది. నిర్లక్ష్యంగా తవ్వి నష్టం చేస్తే పరిహారం అడగడానికి ఇంటి వయసుతో పని లేదు. పైగా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 290 ప్రకారం, కట్టడం పనుల్లో మనిషి ప్రాణానికి ముప్పు రాకుండా తగిన జాగ్రత్తలు తీసుకోకపోవడం నేరం. పోలీసులకు ఫిర్యాదు రాసివ్వండి, రశీదు తీసుకోండి. గోడ కూలే స్థితి ఉంటే, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద ఆర్డీఓను ఆశ్రయించవచ్చు.

ఇక దావా. బీటలిచ్చిన ఇంటి యజమాని తన సొంత పేరుతో వేయాలి. సంఘం పేరుతో వేస్తే ‘నష్టం మీది కాదు కదా’ అనే అభ్యంతరం మొదటి రోజే వస్తుంది. దావాతో పాటే, కోర్టు తరఫున వచ్చి స్థలాన్ని చూసే లాయరును, అంటే అడ్వొకేట్ కమిషనర్‌ను, నియమించమని పిటిషన్ పెట్టాలి. కమిషనర్ ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చి, ఇవాళ గొయ్యి ఎలా ఉందో, గోడ ఎలా ఉందో రికార్డు చేస్తారు. ఇంజంక్షన్‌లో, అంటే పని ఆపమని కోర్టు ఇచ్చే ఉత్తర్వులో, మొత్తం ప్రాజెక్టు ఆపమని అడగకండి. ‘హద్దు వైపు రిటైనింగ్ వాల్ పూర్తయ్యేదాకా ఆ పక్క తవ్వకం ఆపాలి’ అని అడగండి. ప్రాణాలకు ముప్పు ఉందని ఇంజనీరు రాసిచ్చినప్పుడు ఇంత పరిమితమైన ఉత్తర్వు ఇవ్వడానికి జడ్జి గారికి ఇబ్బంది ఉండదు.

రాత్రి మోత విషయంలో చట్టం స్పష్టంగా మీ వైపు ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మోత చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదు. పగలు పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. నడిచిన ప్రతి రాత్రీ 112కు ఫోన్ చేయండి. తేదీ, సమయం ఒక పుస్తకంలో రాసుకుంటూ పోండి. పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇళ్లలో రాత్రి ఒంటిగంట దాకా నిద్ర లేకుండా చేయడం చిన్న విషయం కాదు. సర్దుకుపొమ్మని ఎవరు చెప్పినా వినకండి.

‘అన్ని పర్మిషన్లూ ఉన్నాయి’ అన్నారు కదా, వాటిని చూపించమనండి. కట్టడం సాగినంతకాలం మంజూరైన ప్లాన్‌ను సైట్ దగ్గర ప్రదర్శించాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఒక ఉత్తరప్రదేశ్ కేసులో దేశమంతటికీ ఆదేశమిచ్చింది. రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ రెరాలో నమోదైన ప్రాజెక్టు అయితే ప్లాన్ రెరా వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. మిగతా కాగితాలకు పది రూపాయల ఫీజుతో కార్పొరేషన్‌కు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఆ కాగితాల్లో ముందుగా పర్యావరణ అనుమతి వెతకండి. నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉంటే కేంద్రం ఇచ్చిన 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పని మొదలుపెట్టకముందే ఆ అనుమతి ఉండాలి. రెండెకరాలంటే సుమారు 8,100 చదరపు మీటర్లు. అందులో 14 అంతస్తులంటే 20,000 దాటే అవకాశమే ఎక్కువ. అనుమతి లేకుండా తవ్వుతుంటే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. గడువు ఆరు నెలలు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. మీకు ఇప్పటికే ఒక నెల పోయింది. తర్వాత అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్ఓసీ) చూడండి. చుట్టూ వదిలిన ఖాళీ ఎంతో, ప్లాన్‌లో ఏ రోడ్డును దారిగా చూపించారో చూడండి. ఎత్తు పెరిగేకొద్దీ ఆ ఖాళీ, ఆ రోడ్డు వెడల్పు పెరగాలి. నోయిడా జంట టవర్లను 2022 ఆగస్టులో కూల్చేశారు. వాటిమీద కేసు నడిపింది అక్కడి నివాసుల సంఘమే. రెండు భవనాల మధ్య ఉండాల్సిన కనీస దూరం వదలకపోవడమే ఆ కేసులో ప్రధానమైన తప్పు.

ప్లాన్‌కూ సైట్‌కూ తేడా కనిపిస్తే కార్పొరేషన్ కమిషనర్‌కు రాయండి. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం సెక్షన్ 452 కింద నోటీసిచ్చి చర్య తీసుకునే అధికారం ఆయనకుంది. ఫిర్యాదు మీద కదలిక లేకపోతే అధికారులు తమ పని చేసేలా ఆదేశించమని హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఈ పని సంఘం చేయవచ్చు.

మీ రోడ్డు గురించి చెప్పేది మీకు నచ్చకపోవచ్చు. ఆమోదం పొందిన లేఅవుట్‌లో రోడ్లను స్థానిక సంస్థకు అప్పగించి ఉంటారు. అప్పుడవి ప్రజల రోడ్లు, కాలనీకి మాత్రమే చెందినవి కావు. గేటు పెట్టి ఆపితే తప్పు మీదవుతుంది. అయితే ఆ చివరి గోడ ఎవరి స్థలంలో ఉందో, దాని వెనక ఉన్నది రోడ్డో, పార్కు కోసం వదిలిన స్థలమో లేఅవుట్ ప్లాన్ తెప్పించి చూడండి. పార్కు స్థలమైతే దాన్ని దారిగా మార్చడానికి వీల్లేదు. బిల్డర్ ప్లాన్‌లో వేరే రోడ్డును చూపించి మీ రోడ్డును వాడుకుంటుంటే అదీ ఫిర్యాదు చేయాల్సిన విషయమే.

వెలుతురు, గాలి: మళ్లీ అదే 20 ఏళ్ల లెక్క. పాత ఇళ్ల కిటికీలకు హక్కు ఉంటుంది. పెరడుకు, ఖాళీ జాగాకు ఉండదు. వెలుతురు కొంచెం తగ్గితే చాలదు, ఇంట్లో సుఖంగా ఉండలేనంతగా తగ్గాలి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. అడ్డు వచ్చిందని తెలిసీ ఏడాది పాటు ఒప్పుకుని ఊరుకుంటే 20 ఏళ్ల అనుభవం తెగిపోయినట్టే. అందుకే పాత ఇళ్లవాళ్లు ఇప్పుడే లాయరు నోటీసు ఇవ్వాలి. బాల్కనీలోంచి పెరడు కనిపించడం మీద మాత్రం, మీ ఊళ్లో దానికి విరుద్ధమైన ఆచారం ఉందని రుజువు చేయలేకపోతే, కేసు నిలవదు. ఆ వైపు చెట్లు పెంచుకోవడం మేలు.

మీరు అడగలేదు గానీ, మీ కాలనీ ఎత్తులో ఉండి వాన నీళ్లు సహజంగా ఆ స్థలంలోకి పోతుంటే, అక్కడ మట్టి పోసి నీటిని మీ మీదికి తిప్పే హక్కు బిల్డర్‌కు లేదు. వర్షాల ముందే ఫొటోలు తీసి పెట్టుకోండి.

చివరగా, బిల్డర్ మనుషులు ఇంటింటికీ వచ్చి, గోడకు సిమెంటు పూయిస్తాం, రంగు వేయిస్తాం అంటూ ‘మాకు అభ్యంతరం లేదు’ అని రాసిన కాగితం మీద సంతకం అడగవచ్చు. అలాంటి సంతకం, అలాగే అన్నీ తెలిసి మౌనంగా ఉండటం, రేపు ఇంజంక్షన్‌కు అడ్డం వస్తాయి. కాబట్టి ఈ ఆదివారమే సంఘం మీటింగ్ పెట్టి ఈ విషయం అందరికీ చెప్పండి. మరమ్మతు చేస్తామంటే చేయనివ్వండి. కానీ ఫొటోలు తీశాకే, ఇంజనీరు చూశాకే, ‘నా హక్కులు వదులుకోవడం లేదు’ అని రాసిచ్చి ఆ కాపీ మీద వాళ్ల సంతకం తీసుకున్నాకే.