చిట్టెలుక పేరు మొదటి వాక్యంలో రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కొవ్వు, తీపి తింటే ధమనులు పూడిపోతాయని తేల్చి రాశావు. ఆ ప్రయోగం జరిగింది చిట్టెలుకల మీద అన్న సంగతి ఆరో పేరాలో గానీ బయటపడలేదు. గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్లు దాన్ని చదువుతారు. వాళ్లకు ఆ మాట మొదటి వాక్యంలోనే తెలియాలి.

1913లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అనిచ్కోవ్, ఖలాటోవ్ అనే పరిశోధకులు కుందేళ్లకు పొద్దుతిరుగుడు నూనెలో కరిగించిన కొలెస్ట్రాల్ తినిపించారు. వాటి ధమనుల గోడల్లో కొవ్వు పేరుకుంది. ఉత్త నూనె తిన్న కుందేళ్లకు పేరుకోలేదు. ఎంత చక్కని పోలిక చూడు! తప్పు నూనెది కాదని ఆ రెండో గుంపే చెప్పింది. ఏ పరిశోధన గురించి రాసినా ముందు అలాంటి గుంపు కోసం వెతుకు. నీ వ్యాసంలో దాని ఊసే లేదు.

అదే తిండి ఎలుకలకు, కుక్కలకు పెడితే ధమనులు అలా చెడలేదు. ఆకులలములు తినే కుందేలు అంత కొలెస్ట్రాల్‌ను వదిలించుకోలేదు, ఎలుకలు, కుక్కలు చాలావరకు వదిలించుకోగలవు. దాంతో కొందరు ఇది కుందేళ్లకే పరిమితమని కొట్టిపారేశారు. అదీ తొందరపాటే. ధమని గోడలోకి చేరిన కొలెస్ట్రాల్‌ను రక్షక కణాలు మింగి నురగలా ఉబ్బడం ఆ కుందేళ్లలోనే కనిపించింది, మనుషుల ధమనుల్లోనూ అదే జరుగుతుంది.

మామూలు చిట్టెలుకలో కొలెస్ట్రాల్ ఎక్కువగా హెచ్‌డీఎల్ రూపంలో, అంటే మనం 'మంచి కొలెస్ట్రాల్' అనే రూపంలో తిరుగుతుంది. ఎంత వెన్న పెట్టినా దాని ధమనులు అంత తేలిగ్గా పూడవు. అందుకే 1992లో, రక్తంలోంచి కొలెస్ట్రాల్‌ను తొలగించడానికి తోడ్పడే అపోఈ జన్యువు పనిచేయని చిట్టెలుకలను తయారుచేశారు. నువ్వు రాసినవి అవే, అయినా జన్యువు మాట ఎత్తలేదు. వాటికి పెట్టే 'పాశ్చాత్య ఆహారం'లో 40 శాతానికి పైగా శక్తి కొవ్వు నుంచే వస్తుంది, చక్కెర కూడా దండిగా ఉంటుంది. రెండూ కలిపి పెట్టిన మేతను చూపించి 'చక్కెరే శత్రువు' అని ఎలా రాశావు? చక్కెర ఒక్కటే మార్చిన గుంపు ఉంటేనే ఆ మాట అనగలవు.

ఇంకొకటి. ఎలుక వేరు, చిట్టెలుక వేరు. రెండింటినీ ఒకే పేరుతో పిలవకు. ఆ జీవులు ప్రాణాలిచ్చి చెప్పిన విషయమిది, పేరైనా సరిగ్గా రాద్దాం.

ఎన్ని చిట్టెలుకలు, మగవా ఆడవా, ఎన్ని వారాల మేత అన్నవి చేర్చి తిరగరాసి పంపు. అందిన రోజే చదువుతాను.