డాక్టర్ సలహా: నీళ్ల సంగతి తర్వాత, ముందు ఆ మాత్ర ఆపించండి

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని తాగడానికి క్యాన్ నీళ్లు తెప్పిస్తున్నాం. మీటర్‌తో చూస్తే టీడీఎస్ 60 ఉంది. ఎంత ఉంటే మంచిది? వంటకు బోరు నీళ్లు కాచి వాడొచ్చా? రాగి బిందెలో పోస్తే ఫ్లోరైడ్ పోతుందా? అమ్మకు 58 ఏళ్లు. మోకాళ్ల నొప్పులకు రెండేళ్లుగా మెడికల్ షాపులో తెచ్చిన మాత్ర రోజూ వేసుకుంటోంది. ఈ మధ్య సాయంత్రానికి కాళ్లకు నీరు పడుతోంది. వేడి చేసిందేమోనని రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్లు తాగిస్తున్నాం.

జవాబు: మీరు నీళ్ల గురించి అడిగారు, నాకు మాత్రం మీ అమ్మగారి గురించి టెన్షన్‌గా ఉంది. మాత్ర పేరు రాయలేదు. షాపుల్లో నొప్పులకు ఇచ్చేవి ఎక్కువగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివే. రోజుల తరబడి వాడితే ఇవి కిడ్నీలకు రక్త సరఫరా తగ్గిస్తాయి. గత నెల ఒక పెద్దావిడ కొంగుముడి విప్పి సగం వాడిన స్ట్రిప్ చూపించి, ‘ఇది లేందే మంచం దిగలేనయ్యా’ అంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయిస్తే, అది అప్పటికే బాగా పెరిగిపోయింది. కిడ్నీలు సగం దెబ్బతినేదాకా నొప్పి ఉండదు, మూత్రమూ మామూలుగానే వస్తుంది. రెండేళ్లు ఎవరినీ అడగకుండా ఎలా వాడనిచ్చారమ్మా?

ఆ నొప్పి మాత్ర ఈ రోజే ఆపించండి. బీపీ, షుగర్ మాత్రలుంటే అవి ఆపకండి. పాదం పైన బొటనవేలితో పది సెకన్లు నొక్కితే గుంట పడి అలాగే ఉందా? ఉంటే ఒంట్లో నీరు చేరినట్టే. ఈ వారంలోనే క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో అల్బుమిన్ (ఒక ప్రోటీన్) చూపించి బీపీ కొలిపించండి. ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. గుండె, కిడ్నీ బలహీనంగా ఉంటే ఎక్కువ తాగిన నీళ్లు ఒంట్లోనే నిలిచిపోతాయి, రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోవచ్చు. డాక్టరు చూసేదాకా దాహానికి తగ్గట్టే తాగనివ్వండి. చూడకుండా నేను ఇంతకు మించి చెప్పలేను.

ఇక నీళ్లు. టీడీఎస్ మీటర్ కరిగిన లవణాల మొత్తాన్నే అంచనా వేస్తుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే గతి లేకపోతే 1.5 వరకు. బోరు నీళ్లు, క్యాన్ నీళ్లు రెండూ ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. రాగి బిందె వల్లా పోదు. అన్నం, పప్పు ఉడికేది ఆ నీళ్లలోనే కాబట్టి వంటకూ మంచినీళ్లే వాడండి.

ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది ప్రధానంగా కిడ్నీలే. అవి దెబ్బతింటే అది ఎముకల్లో మరింత పేరుకుంటుంది. అప్పట్లో మీ కనిగిరి కూడా ఉన్న నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, పళ్లు దెబ్బతినే జబ్బు) ఉందని 1937లోనే వైద్యులు రాశారు. మీ అమ్మగారి మోకాళ్ల నొప్పులకు అదే కారణం కావచ్చు, కాకపోవచ్చు. ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టరుకు చూపించండి. వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులన్నీ ఒక కవర్‌లో వేసి తీసుకెళ్లండి.