మేడ మీద క్లాసు పెడదామంటే... (మిద్దెతోట: మీ ప్రశ్నలు)

ప్రశ్న: మేడమ్, నమస్తే. మా అపార్ట్‌మెంట్‌లో నెలనెలా మిద్దెతోట క్లాసులు పెట్టుకుందామని అనుకున్నాం. పోయినసారి ఒకాయన వచ్చి గంటన్నర సేపు స్క్రీన్ మీద బొమ్మలు చూపించి వెళ్లారు. అందరూ చప్పట్లు కొట్టారు, ఒక్కరూ గింజ వెయ్యలేదు. పైగా స్లాబు కారుతుందని పై అంతస్తువాళ్లకి ఒకటే టెన్షన్. ఎలా మొదలుపెట్టమంటారు?
- ఒక గృహిణి, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: ఆ స్క్రీన్ సంగతి మర్చిపోండమ్మా. సీతమ్మధారలో ఆదివారం పూట నేను చెప్పే క్లాసులో కుర్చీలు కూడా వెయ్యనివ్వను. కూర్చున్నవాళ్లు చేతులు కట్టుకుంటారు, నిలబడ్డవాళ్లు ఏదో ఒకటి ముట్టుకుంటారు.

మొదటి క్లాసు మొత్తం మట్టి కలపడానికే ఉంచండి. మన ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమానంగా తీసుకుని కాస్త వేపపిండి కలపాలి. కొబ్బరిపొట్టు ఇటుకని నానబెట్టి రెండు మూడు నీళ్లు మార్చి గట్టిగా పిండండి. అందులో ఉప్పుంటుంది. అసలే మనకి సముద్రపు గాలి తెచ్చే ఉప్పు చాలదా! కలిపాక ప్రతి ఒక్కరిచేతా గుప్పెడు మట్టి పట్టించి నొక్కించండి. ముద్ద కట్టి, బొటనవేలితో తోస్తే విడిపోవాలి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే తడి ఎక్కువైంది, తోసినా విడకపోతే ఎర్రమట్టి ఎక్కువైంది. ఇది పుస్తకం చదివితే రాదు, చేతికి తెలియాలి.

అదే రోజు తోటకూర వేయించండి. గింజ మరీ చిన్నది కాబట్టి పొడి ఇసుకలో కలిపి చల్లాలి. చల్లి అటు తిరిగేలోగా చీమలు వరసకట్టి గింజల్ని మోసుకుపోతాయి. తొట్టి చుట్టూ కాస్త బొంబాయి రవ్వ చల్లితే అవి ఆ పనిలో పడి గింజల జోలికి రావు. పిల్లలకి ఇదొక్కటి చూపించండి, వచ్చే నెల పెద్దవాళ్లని వాళ్లే లాక్కొస్తారు. తోటకూర మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది కాబట్టి రెండో క్లాసుకి ఎవరి కట్ట వాళ్ల చేతిలో ఉంటుంది. మొదటిరోజే కాలీఫ్లవర్ అన్నారనుకోండి, అది పువ్వు కట్టేలోపు మీ వాళ్ల సరదా తీరిపోతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు సెప్టెంబరు, అక్టోబరు దాకా ఆగొచ్చు. ఎండాకాలం మెంతికూరతో కుస్తీ వద్దు, బచ్చలి ఉందిగా.

క్లాసు వేళ గురించి ఎవరూ ఆలోచించరు. ఆనప పువ్వు, బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటాయి. గుమ్మడి పువ్వు తెల్లవారుతూనే విచ్చి, ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. మీరు తీరిగ్గా టిఫిన్లు అయ్యాక పదకొండింటికి క్లాసు పెడితే చూపించడానికి ఏముంటుంది? అంత ఎత్తుకి తేనెటీగలు తక్కువగా వస్తాయి, అందుకని చేత్తో పుప్పొడి అంటించడం అందరికీ రావాలి. పువ్వు కింద చిన్న పిందె ఉంటే ఆడపువ్వు, ఉత్త కాడ ఉంటే మగపువ్వు. మగపువ్వు కోసి, రేకలు ఒలిచి, మధ్యనున్న పుప్పొడిని ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లిగా రాయాలి. ఇది నేర్పలేదంటే "పిందెలు పచ్చబడి రాలిపోతున్నాయండీ" అని మీ వాట్సాప్ గ్రూపు మోగిపోతూనే ఉంటుంది.

పై అంతస్తువాళ్ల భయాన్ని కొట్టిపారేయకండి. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగు లోతున్న మడిని తడిమట్టితో నింపితే ముప్పావు టన్ను దాకా తూగుతుంది. స్లాబు మధ్యలో ఇటుకల మడులు కట్టొద్దు. తేలిక తొట్లు స్టాండ్ల మీద, కింద చీపురు తిరిగేంత ఎత్తులో, బీములు వెళ్లే వరసలో పెట్టండి. చెమ్మ ఎక్కడైనా మొదలైతే వెంటనే కంటపడుతుంది. ముందుగా ఒక సివిల్ ఇంజినీర్‌కి స్లాబు చూపించండి. ఆయన మాట్లాడాల్సింది మీతో కాదు, ఆ పై అంతస్తువాళ్లతో.

పందిళ్ల సంగతి వేరే చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుని చూసినవాళ్లం. ఆనప, బీర పాదులు తుపానుల కాలంలోనే జోరుగా ఉంటాయి. పందిరి తాళ్లు ఊడదీసేలా కట్టుకోవడం, హెచ్చరిక రాగానే తొట్లని పిట్టగోడ మీద నుంచి దించడం కూడా క్లాసులో భాగమే.

ఇక ఫీజు. ఎంతో కొంత పెట్టండి, ఆ డబ్బుతో విత్తనాలు కొని వాళ్లకే పంచండి. ఊరికే వస్తే ఊరికే మానేస్తారు.

ప్రశ్న: ఆనందపురం దగ్గర 30 సెంట్లు కొన్నాను. శని, ఆదివారాలు మాత్రమే వెళ్లగలను. సేంద్రియ సాగు నేర్పుతామని రెండు రోజుల వర్క్‌షాప్‌కి వేలల్లో అడుగుతున్నారు. చేరమంటారా?
- ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: డబ్బు కట్టేముందు ఒక్కటే అడుగు బాబూ: "రెండు నెలల తర్వాత మళ్లీ ఇదే పొలానికి తీసుకొస్తారా?" అని. విత్తడం చూపించి పురుగు పట్టేనాటికి ఫోనెత్తని క్లాసు నీకెందుకు? దానికన్నా మీ పక్క రైతులకి నమస్కారం పెట్టడం మేలు. రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి సాగు కార్యక్రమం నడుపుతోంది. చేసి చూపించేది ఊళ్లలోని రైతులే. వాళ్ల 'ఏటీఎం' (ఎనీ టైమ్ మనీ) పద్ధతిలో 20 సెంట్లలోనే రకరకాల కూరగాయలు కలిపి వేసి, ఏదో ఒకటి తరచూ చేతికొచ్చేలా చూస్తారు. రాంబిల్లి మండలం హరిపురంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, శిక్షణ తరగతుల గురించి అక్కడా కనుక్కో.

కానీ వారానికోసారి వెళ్లేవాడివి, వాళ్ల పంటలన్నీ నువ్వు వెయ్యకు. బెండకాయ రెండు రోజులు ఆలస్యమైతే పీచు. ఆనందపురం పూల మార్కెట్ చూసి చామంతి మీద మనసు పడతావేమో, అది ఆదివారం దాకా ఆగదు. మునగ, కరివేపాకు, నిమ్మ, కంద, పసుపు నీకోసం ఆగుతాయి. ఈ ఏడాది మాత్రం తొలకరికి ముందు నవధాన్యాలు చల్లి, పైన గడ్డి కప్పు. మొలిచి పూతకొచ్చాక నేలలో కలిపెయ్. వట్టి ఎర్రనేలకి అంతకన్నా మంచి మొదలు లేదు.

ప్రశ్న: హార్బర్ దగ్గర ఉంటాం. చేపల వ్యర్థాలతో ఎరువు చేస్తే ఇంటి ఓనర్ ఊరుకుంటారా?
- పేరు రాయొద్దన్నారు

జవాబు: కంపు లేకపోతే ఆయనకెందుకు తెలుస్తుంది! చేప ఎంత తూగితే బెల్లం అంత వెయ్యండి. కుళ్లు వాసన వచ్చిందంటే బెల్లానికి కక్కుర్తిపడ్డారన్నమాట. అనకాపల్లి బెల్లంలో తెల్లగా మెరిసేది అక్కర్లేదు, ముదురు రంగుది చాలు, చవకా. ప్లాస్టిక్ డబ్బాలో సగానికి పైగా నింపకుండా, నీడలో మూడు వారాలు ఉంచండి. మధ్యమధ్యలో మూత వదులు చేసి గ్యాసు పోనివ్వాలి. వడగట్టి లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు మించకుండా కలిపి, సాయంత్రం పూట మొక్కలకి ఇవ్వండి. మిగిలిన ముళ్లని మాత్రం తొట్టిలో పాతిపెట్టకండి, వీధిలో పిల్లులన్నీ రాత్రికి రాత్రే తవ్వేస్తాయి. పెరట్లో కొబ్బరిచెట్టు ఉంటే దానికి కాస్త దూరంగా లోతైన గొయ్యి తీసి కప్పెట్టండి.