పోషకాహార పాఠం చెప్పబోయే మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు పోషకాహారమూ ఆరోగ్యపు అలవాట్లూ బోధించే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది, ఆ వెనకే బెంగగానూ ఉంది. చేతులు కడుక్కోవడం, గోళ్లు తీసుకోవడం వంటివి నీకు తెలిసినవే. పాఠానికి ముందు కుళాయి దగ్గర సబ్బు ఉందో లేదో మాత్రం చూసుకో.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏట ఏడో తరగతిలో నల్లబల్ల మీద నిలువుగా గీత గీసి, ఒకవైపు మంచి ఆహారమనీ, రెండోవైపు చెడ్డ ఆహారమనీ రాశాను. చార్టులో చూసిన ఆపిల్, పాలు, బాదంపప్పు మంచివైపు చేరాయి. పొద్దున చద్దన్నం తింటామని కొందరు చెప్పగా దానిని చెడ్డవైపు రాసి, పైన అడ్డంగా కొట్టివేశాను. మూడో బెంచీలో కూర్చునే ఒక పిల్ల ఆనాటి నుంచి ఇంట్లో చద్దన్నం ముట్టలేదట. వారం తిరగకముందే ప్రార్థనలో నిలబడినది నిలబడినట్టే కళ్లు తిరిగి పడిపోయింది. మిరపకాయల కోతకు వెళ్లవలసిన తల్లి ఆ రోజు కూలి పోగొట్టుకొని వచ్చి, "మా ఇంట్లో పొద్దున ఉండేది అదేనండీ టీచరుగారూ, అదీ వద్దంటే ఏం పెట్టమంటారు?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు; నాకు తెలిసి ఉంటుందన్న నమ్మకంతోనే అడిగింది. మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకోమని ఇచ్చి మా అమ్మ మమ్మల్ని పెంచింది ఆ అన్నంతోనే అని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ తల్లి ముఖం నేను ఈనాటికీ మరవలేదు.

అందుకే చెబుతున్నాను, ఏ ఇంటి కంచాన్నీ తరగతిలో తప్పుపట్టవద్దు. ఉన్నదానికి ఏమి కలపవచ్చో చెప్పు: చద్దన్నంతో గుప్పెడు వేయించిన వేరుశనగలు, పప్పులో తోటకూరో మునగాకో, పెరట్లో కాసిన జామకాయ. ఏమి తిని వచ్చారని లేపి అడగవద్దు; పేరు లేని చీటీల మీద రాయించుకో. బరువులు తూచినప్పుడు అంకె పైకి చదవవద్దు. అంగడి ప్యాకెట్ల సంగతికి ఉపన్యాసం అక్కరలేదు, ఖాళీ ప్యాకెట్లు తెప్పించి వెనుక అచ్చువేసిన పదార్థాల జాబితాను పిల్లలచేతనే చదివించు. ఎక్కువ పరిమాణంలో వేసినదాని పేరే ముందు ఉంటుందని చెబితే చాలు.

వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర విషయంలో నా భయం నీకు అతిగా తోచినా సరే, విను. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఖాళీ కడుపున వేస్తే కడుపులో తిప్పుతుంది, ఒక్క పిల్ల వాంతి చేసుకుంటే మరుసటి వారం తరగతి అంతా నోరు మూసుకుంటుంది. మధ్యాహ్న భోజనం అయ్యాకే ఇవ్వు. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పు, లేకపోతే ఇంట్లో హడలిపోతారు. టీతో మింగవద్దని, నిమ్మరసం, జామకాయ ఇనుము ఒంటబట్టడానికి సాయపడతాయని చెప్పు. రజస్వల అయ్యే వయసు ఆడపిల్లలకు రక్తహీనత ముప్పు ఎక్కువే, అయినా మగపిల్లలను వదిలిపెట్టకు.

నీవు కూడా ఆ పిల్లల వరుసలోనే కూర్చుని భోంచెయ్యి. పొద్దున కాఫీ మాత్రం తాగి బస్సెక్కుతున్నావని మీ అమ్మ చెప్పింది; ఆ అలవాటు ఈ సోమవారం నుంచి మానుకోవాలి, నా మీద ఒట్టు. తోటకూర విత్తనాలు పొట్లం కట్టి ఉంచాను. బడిలో చేతులు కడిగిన నీళ్లు పారేచోట పిల్లలచేత చల్లించు.

మీ పెద్దమ్మ