స్నేహితుడి కోసం ఎన్నాళ్లు ఏడవాలి?

ప్రశ్న: మేడమ్, కాలేజీ రోజుల నుంచి ప్రాణంలా ఉన్న నా ఫ్రెండ్ మూడు నెలల క్రితం గుండెపోటుతో పోయాడు. వాళ్లింట్లో అందరికీ ధైర్యం చెప్పింది నేనే, పనులన్నీ దగ్గరుండి చూసిందీ నేనే. ఆఫీసుకీ వెళ్తున్నాను. కానీ ఫోన్‌లో ఏ జోక్ కనబడినా వాడికి పంపబోయి ఆగిపోతున్నాను, ఒకట్రెండుసార్లు పంపేశాను కూడా. మా ఆవిడ ‘ఇంకా ఎన్నాళ్లిలా?’ అంటోంది. వాడి భార్య వాడి గురించి నాలుగు మాటలు రాసిమ్మన్నారు, కూర్చుంటే ఒక్క ముక్క రావట్లేదు. నాకేమైనా అయిందంటారా? (పేరు వేయొద్దు)

జవాబు: ఏమీ కాలేదండీ. ఫ్రెండ్ పోయాడు, అది చాలదా? సొంత అన్నదమ్ముడు పోతే అందరూ వచ్చి పలకరిస్తారు, ఆఫీసులో అడక్కుండానే సెలవిస్తారు. అదే ఫ్రెండ్ అంటే ‘అయ్యో పాపం’ అనేసి వేరే మాటల్లో పడిపోతారు. ఇలా చుట్టూ ఉన్నవాళ్లు లెక్కలోకి తీసుకోని దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే అమెరికన్ ప్రొఫెసర్ 1989లోనే రాశారు. మీరు పైగా ఓదార్చే పని నెత్తిన వేసుకున్నారు, ఇక మిమ్మల్ని ఓదార్చాలని ఎవరికి తడుతుంది?

ఎన్నాళ్లు అంటే నేనూ చెప్పలేను. దుఃఖానికి ఐదు దశలుంటాయి, చివర్లో సర్దుకుంటారు అని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే సైకియాట్రిస్ట్ 1969లో ఆ దశలు రాసింది చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి. వెనక మిగిలినవాళ్లకి వాటిని తర్వాత తగిలించారు. స్ట్రోబ్, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పిందే నాకు నిజానికి దగ్గరగా అనిపిస్తుంది: మనిషి కాసేపు బాధలో ఉంటాడు, కాసేపు పనుల్లో పడతాడు, మళ్లీ బాధలోకొస్తాడు, అటూ ఇటూ తిరుగుతూనే కుదుటపడతాడు. కాబట్టి పొద్దున మీటింగ్‌లో నవ్వి, సాయంత్రం ఏడుపొస్తే కంగారుపడకండి.

మెసేజ్‌లంటారా, రాసుకోండి, తప్పేం లేదు, కానీ ఆ నంబర్‌కి పంపకండి. వాడకుండా పడున్న నంబర్‌ని ఫోన్ కంపెనీలు కొన్నాళ్లకి ఇంకొకరికి ఇచ్చేస్తాయి, మీరు ‘ఒరేయ్’ అని పంపితే అటునుంచి ‘ఎవరండీ మీరు?’ అని రావచ్చు, అది మాత్రం తట్టుకోలేరు. వాట్సాప్ కూడా 120 రోజులు ఎవరూ వాడని అకౌంట్‌ని మామూలుగా తీసేస్తుంది, అంటే డీపీలో అతని ఫొటో ఏదో ఒకరోజు మాయమవుతుంది. మీ ఫోన్‌లో ఉన్న చాట్ మాత్రం ఎక్కడికీ పోదు, మీ ఫోన్ పాడైతే తప్ప. అందుకే ఈ వారంలోనే ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి మీ మెయిల్‌కి పంపుకోండి. పాత చాట్ మొత్తం ఒక్కోసారి రాదు, కాబట్టి వాయిస్ మెసేజ్‌లు విడిగా కూడా దాచుకోండి. ‘ఎక్కడున్నావురా, వస్తున్నావా లేదా’ అన్న ముక్క అయినా సరే.

ఇక ఆ నాలుగు మాటలు. ‘మంచివాడు, అందరితో కలుపుగోలుగా ఉండేవాడు’ అని మొదలుపెట్టబోయి ఆగిపోతున్నారేమో. అది ఎవరికైనా సరిపోతుంది, అందుకే పెన్ను కదలదు. ఫోన్ ఎత్తగానే ఏమనేవాడు, ఓడిపోయే వాదనని ఎలా సాగదీసేవాడు, మీరిద్దరూ దేనికి అలిగి మాట్లాడుకోవడం మానేశారు, ముందు ఎవరు తగ్గారు, అవి రాయండి. అతని భార్యకి భర్తగానే తెలుసు, పిల్లలుంటే వాళ్లకి నాన్నగానే తెలుసు. పెళ్లికి ముందు, జేబులో డబ్బులూ బుర్రలో భయమూ లేని రోజుల్లో ఆ మనిషి ఎలా ఉండేవాడో చెప్పగలిగేది మీరే. అలాగని కాలేజీ కథలన్నీ ఆవిడకి అక్కర్లేదు లెండి, కొన్ని మీ దగ్గరే ఉంచుకోండి. రాయడం కుదరకపోతే ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, అతన్ని ఎరిగిన మరో ఫ్రెండ్‌తో కూర్చుని మాట్లాడండి, తర్వాత విని రాసుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తాగుడు పెరిగినా, నేనూ పోతే బావుణ్ణు అనిపించినా వెంటనే సైకియాట్రిస్ట్‌ని కలవండి. అవేవీ లేకపోయినా, ఆరు నెలలు దాటాక కూడా రోజూ ఇదే తీవ్రతతో ఉండి పనులు సాగకపోతే అప్పుడూ వెళ్లండి, దానికి చికిత్స ఉంది.

రాసింది ముందు మీ ఆవిడకి చదివి వినిపించండి. విసుగుతో కాక, మీ గురించి భయపడి అడుగుతోందేమో కనుక్కోండి.