రైటాఫ్ బండి బాగుచేయించాక ధర ఎంత?

ప్రశ్న: రెండేళ్లు దాటిన నా 150 సీసీ మోటార్‌సైకిల్ జాతీయ రహదారి మీద ప్రమాదానికి గురైంది. షోరూమువారు 68,000 రూపాయలకు ఎస్టిమేషన్ ఇచ్చారు. బీమా కంపెనీ దాన్ని టోటల్ లాస్‌గా, అంటే రైటాఫ్‌గా తేల్చి, పాలసీ విలువ 84,000లో సాల్వేజ్ (దెబ్బతిన్న బండికి కట్టిన విలువ) కింద 26,000, తప్పనిసరి మినహాయింపు కింద 100 తగ్గించుకొని, 57,900 చెల్లించి బండిని నాకే వదిలింది. తెలిసిన మెకానిక్ చేత 41,000 ఖర్చుతో బాగుచేయించాను. ఇదే మోడల్, ఇదే సంవత్సరం బండ్లు మా వైపు 72,000 దాకా పలుకుతున్నాయి. నాకు మొత్తం 67,000 పడింది కాబట్టి అంతకు తగ్గకుండా అమ్మాలని ఉంది. ప్రమాదం సంగతి కొనేవారికి చెప్పాలా? చెబితే ధర ఎంత తగ్గుతుంది?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: 67,000 అన్నది మీ లెక్కే తప్ప బండి ధర కాదు. సాల్వేజ్ కింద వదులుకున్న 26,000, మెకానిక్‌కు ఇచ్చిన 41,000 కలిపితే మీరు చెప్పిన మొత్తం వస్తుంది గాని, కొనేవారికి దానితో నిమిత్తం లేదు. బండిని కంపెనీకే అప్పగించి ఉంటే 83,900 చేతికి వచ్చేది. ఇప్పుడు మీ దగ్గర మిగిలిన నగదు 16,900, దానికి తోడు ఈ బండి. కాబట్టి 67,000 కంటే తక్కువకు అమ్మితే నష్టపోయానని అనుకోకండి. ఆ నష్టం ఏదైనా ఉంటే అది బండిని కంపెనీకి ఇవ్వకుండా ఉంచుకున్న రోజునే జరిగింది.

బాగుచేసే ఖర్చు పాలసీలో రాసిన విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్‌గా పరిగణిస్తారు. మీ పాలసీకి ఆ హద్దు 63,000. అయితే షోరూము 68,000 అన్న పనిని మీ మెకానిక్ 41,000కే ఎలా చేశాడన్నదే కొనేవాడికి మొదట కలిగే అనుమానం, అది న్యాయమైన అనుమానం కూడా. షోరూము లెక్కలో దెబ్బతిన్న ప్రతి భాగానికీ కొత్తదాని ధర, కూలి, పన్ను ఉంటాయి. బయటి మెకానిక్ కొన్నిటిని సరిచేసి, కొన్నిటిని పాత సామాను అంగడి నుంచి తెచ్చి బిగిస్తాడు. ట్యాంకు, హెడ్‌లైట్, ఇండికేటర్లు పాతవి వేసినా చిక్కులేదు. ముందు ఫోర్కు గొట్టాలు వంగితే వంపు తీసి వేశారా, కొత్తవి వేశారా అన్నది మాత్రం ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న. ఏ భాగం కొత్తది, ఏది పాతది, దేనిని సరిచేశారు అన్న వివరాలను మెకానిక్ చేత కాగితం మీద రాయించి, బిల్లులు జతచేసి పెట్టుకోండి. ప్రమాదం జరిగిన రోజు తీసిన ఫొటోలు, సర్వేయరు రిపోర్టు నకలు ఉంటే ఇంకా మంచిది. అన్నీ చూపించగలిగితే బండి విలువ కొంత నిలబడుతుంది. ఏదీ లేకపోతే కొనేవాడు అన్నిటికంటే చెడ్డదే ఊహించుకుంటాడు.

అమ్మే ముందు మరో మెకానిక్‌కు, వీలైతే నెల్లూరులో ఛాసిస్ పని ప్రత్యేకంగా చేసేవారికి, బండిని చూపించండి. రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయా, హ్యాండిల్ ఒక పక్కకు లాగుతోందా, స్టీరింగు తల దగ్గర ఫ్రేముకు వెల్డింగు పడిందా అన్నవి చూడాలి. అక్కడ వెల్డింగు ఉంటే నా సలహా వేరు: దానిని నడిచే బండిగా అమ్మకండి, సామాను కింద అమ్మండి. ఛాసిస్ నంబరు ఉన్న చోట రుద్దినట్టు కనిపించినా రవాణా శాఖ దగ్గర ఇబ్బంది తప్పదు.

ఇక కాగితాలు. క్లెయిము ముగింపు పత్రంలో ఆర్‌సి రద్దు చేయిస్తానని మీరు సంతకం చేశారేమో చూసుకోండి. కొన్ని సెటిల్‌మెంట్లు ఆ షరతు మీదే జరుగుతాయి. ఆర్‌సి రద్దయితే రోడ్డు మీద నడపడానికి అమ్మే హక్కు మీకు లేదు. టోటల్ లాస్ చెల్లించాక పాత పాలసీ సాధారణంగా అంతటితో ముగుస్తుంది కాబట్టి, కొత్త బండితో పాటు వచ్చిన ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఇంకా ఉందన్న ధైర్యంతో తిరగకండి. దాని స్థితిని కంపెనీని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. బీమా లేకుండా నడిపితే మొదటిసారి జరిమానా 2,000 రూపాయలు. అంతకంటే పెద్ద ముప్పు, ఎవరికైనా గాయమైతే పరిహారం మీ మీద పడటం. ఫైనాన్స్ ఉంటే అది తీరినట్టు ఆర్‌సిలో నమోదు చేయించండి.

ప్రమాదం సంగతి చెప్పాలా అంటే, చెప్పాలి. బ్రిటన్‌లో ఇటువంటి బండ్లకు ఎస్ (ఫ్రేము దెబ్బతిన్నవి), ఎన్ (ఫ్రేము దెబ్బతిననివి) అనే వర్గాలు ఉండి, కొనేవాడు చూసుకోగలుగుతాడు. మన ఆర్‌సి మీద అటువంటి ముద్ర ఏదీ ఉండదు గనుక చెప్పే భారం అమ్మేవారిదే. కావలిలో దాచిన బండి చరిత్ర మెకానిక్కుల నోట ఒంగోలు చేరడానికి ఎంతో కాలం పట్టదన్నది వేరే విషయం.

ఫ్రేము నిక్కచ్చిగా ఉండి, బిల్లులు, కొత్త బీమా చేతిలో ఉంటే 45,000 నుంచి 50,000 మధ్య అడగడం సబబని నా అంచనా. ఆటో కన్సల్టింగువారు తమ లాభం చూసుకొని ఇంకా తగ్గిస్తారు. షోరూము ఎక్స్‌చేంజి అంతకంటే కూడా తగ్గవచ్చు. బండిని సొంతంగా నడుపుకొనేవారికే నేరుగా అమ్మితే మీకు మేలు.

ఎవరికి అమ్మినా బండిని కొనేవారి పేరుకు మార్చే 29, 30 నంబరు ఫారాల మీద ఖాళీ సంతకాలు పెట్టి ఇవ్వకండి. అదే రాష్ట్రంలో అమ్మినప్పుడు 14 రోజులలోగా రవాణా శాఖకు తెలియజేయడం మీ బాధ్యత. బండి చేతులు మారినా రిజిస్ట్రేషన్‌లో పేరు ఉన్నవారే పరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ప్రశ్న: ప్రమాదం జరగలేదని చెబితే నమ్మి ఒక కన్సల్టింగు దగ్గర బండి కొన్నాను. ట్యాంకు విప్పితే రంగు కింద వెల్డింగు కనిపించింది. డబ్బు వెనక్కి అడగవచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అడగవచ్చు. లోపాన్ని రంగుతో కప్పి, పైగా లేదని చెప్పడం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం మోసం కిందికి వస్తుంది; 19వ సెక్షన్ కింద ఒప్పందాన్ని రద్దు చేసుకొనే హక్కు మీకు ఉంది. అమ్మినవారు ఏమీ చెప్పకుండా ఊరకే ఉండి, మీరు మామూలు జాగ్రత్తతో కనిపెట్టగలిగేదై ఉంటే మీ పక్షం ఇంత బలంగా ఉండేది కాదు. అమ్మినవారు వ్యాపారం చేసేవారు కాబట్టి ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను రెండేళ్లలోగా ఆశ్రయించవచ్చు. బండికి చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. ముందుగా నోటీసు పంపండి. వెల్డింగు ఫొటోలు తీసి, మెకానిక్ అభిప్రాయం రాయించుకొనేదాకా ఆ చోట మరమ్మతు చేయించకండి, బండిని నడపకండి.