సాయంత్రమంతా పాలు వదలని బిడ్డ గురించి

చిట్టితల్లీ,

సాయంత్రం 6 గంటలకు బిడ్డను ఒళ్లోకి తీసుకుంటే రాత్రి 10 దాకా దింపనివ్వడం లేదనీ, నిద్రపోయిందని పడుకోబెడితే మళ్లీ రొమ్ము వెతుక్కుంటోందనీ నిన్న ఫోనులో చెప్పావు. నీ నడుము నొప్పికన్నా "పాలు చాలడం లేదు, డబ్బాపాలు పట్టు" అని ఇంట్లో తలా ఒకరు అంటున్న మాటే నిన్ను ఎక్కువ కుంగదీస్తోంది. ముందు దాని సంగతి చూద్దాం.

బిడ్డ ఎంతసేపు తాగిందనే దాన్నిబట్టి పాలు చాలాయో లేదో చెప్పలేం. తొలి వారాల్లో పిల్లలు రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతారు. అవి సమానమైన ఎడంతో రావు, చాలామందికి సాయంత్రాలే ఒకదాని వెంట ఒకటి వచ్చి పడతాయి. 2, 3 వారాలప్పుడు, మళ్లీ 6వ వారం ప్రాంతంలో ఇంకా ఎక్కువవుతాయి. రొమ్ము ఎంత ఖాళీ అయితే ఒంట్లో అన్ని పాలు తయారవుతాయి. ఆ గంటల్లో సీసా పట్టడం అలవాటైతే రొమ్ము ఖాళీ కాదు, క్రమంగా పాలు నిజంగానే తగ్గుతాయి. అందుకే తొందరపడవద్దంటున్నాను.

అనుమానం తీరాలంటే తడిసిన గుడ్డలు లెక్కపెట్టు. రోజుకు 6 గానీ అంతకు మించి గానీ తడుపుతోందా? పుట్టినప్పటి బరువు 2 వారాలకల్లా తిరిగి వచ్చిందా? ఆ తర్వాత వారానికి సుమారు 150 నుంచి 200 గ్రాములు పెరుగుతోందా? అలా ఉంటే ఎవరేమన్నా నీ పాలు చాలుతున్నట్టే. లేకపోతే పిల్లల డాక్టరుకు చూపించు. ఆవిడ పోతపాలు కూడా కలపమంటే కలుపు, అందులో నీ తప్పేమీ లేదు. మంచినీళ్లు, తేనె మాత్రం ఎవరు చెప్పినా నాకించవద్దు.

ఇక కూర్చునే తీరు. నువ్వు బిడ్డ మీదికి వంగవద్దు, బిడ్డనే రొమ్ము దగ్గరకు తెచ్చుకో. వీపుకు గోడ ఆనాలి, మోచేతి కింద గట్టి దిండు ఉండాలి, కాళ్ల కింద చిన్న పీట వేసుకో. బిడ్డ నోరు బాగా తెరిచి, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు అందుకోవాలి, గడ్డం రొమ్మును తాకాలి. పట్టు సరిగా కుదిరితే నొప్పి ఉండదు, గుటక వేసే చప్పుడు వినిపిస్తుంది. నొప్పి పుడితే పళ్లబిగువున ఓర్చుకోకు. శుభ్రమైన వేలు బిడ్డ నోటి మూలన పెట్టి విడిపించి మళ్లీ పట్టించు. చప్పరిస్తూ కునుకు తీస్తుంటే రొమ్మును మెల్లగా నొక్కి పట్టుకో, పాలు ధారగా వచ్చి మళ్లీ మింగడం మొదలుపెడుతుంది. ఇది తెలిస్తే చాలాసార్లు గంట పని అరగంటలో అవుతుంది.

రాత్రి మంచం మీద ఒత్తిగిలి పడుకుని పట్టవచ్చు. సోఫాలో, కుర్చీలో కూర్చుని నిద్ర ముంచుకొస్తుంటే మాత్రం వెంటనే బిడ్డను వేరేవాళ్లకు అందించు. కునుకులో బిడ్డ మెత్తల మధ్య ఇరుక్కుంటే ఊపిరాడదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

సాయంత్రం 5 గంటలకే కడుపునిండా తిను. పక్కన చెంబెడు నీళ్లు పెట్టుకో. బాలింత నీళ్లు ఎక్కువ తాగకూడదని మీ అత్తగారు అన్నారట. ఆవిడ ప్రేమతోనే అన్నారు, ఎదురు చెప్పకు, కానీ దాహమేసినప్పుడల్లా తాగు. మునగాకు వేసిన తెలగపిండి కూర, వెల్లుల్లి కారం వండిపెడితే ఇష్టంగా తిను. అవి ఒంటికి మంచివే, అయితే పాలు పెరగడం వాటికన్నా బిడ్డ తాగడం మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

ఆ 4 గంటలూ వంట, గిన్నెలు, వచ్చిపోయేవాళ్ల మర్యాదలు నీవి కావు. ఈ మాట అల్లుడికి నేనే చెబుతాను. త్రేన్పు తెప్పించడం, గుడ్డ మార్చడం, మధ్యలో ఒక పావుగంట ఎత్తుకు తిరగడం అతని వంతు. ఆ పావుగంటా నువ్వు కళ్లు మూసుకో.

రొమ్ములో ఒకచోట ఎర్రగా, గట్టిగా, వేడిగా ఉండి జ్వరం వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లు, పాలివ్వడం మాత్రం మానకు. ఏడుపు, దిగులు 2 వారాలు దాటినా తగ్గకపోతే అదీ డాక్టరుకే చెప్పాలి, నీలో దాచుకోవద్దు.

ఈ వారం బిడ్డను తూచగానే బరువెంతో నాకు చెప్పు.

మీ పెద్దమ్మ